ఇంట చిక్కిన పిట్టకు దారి చూపండి

 



ఒకప్పుడు మన ఇళ్లకు పెంకుల కప్పులు, తాటాకు చూర్లు ఉండేవి. వాసాల సందున పిచ్చుక గూడు కట్టుకునేది. వచ్చిన దారినే ఎగిరిపోయేది. ఇంటివారికీ, పిట్టకూ పేచీ ఉండేది కాదు. ఇప్పుడు స్లాబు ఇళ్లు, అపార్టుమెంట్లు వచ్చాయి. ఏసీ గొట్టం కోసం గోడకు వేసిన రంధ్రం, ఎగ్జాస్టు ఫ్యాను బిగించే సందు, మూతలేని నీళ్ల ట్యాంకు, నిలువుగా పాతి వదిలేసిన ఇనుప గొట్టం, బాల్కనీకి కట్టిన నైలాను వల - ఇవన్నీ మన సౌకర్యం కోసం మనం చేసుకున్న ఏర్పాట్లు. తప్పేమీ లేదు. అయితే వీటిలో చాలావాటికి ఒక లక్షణం ఉంది. పిట్టకు లోపలికి పోయే దారి ఉంటుంది, బయటికి వచ్చే దారి ఉండదు.

మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగిన వేళ గోడలోంచో, వెంటిలేటరు వెనక నుంచో రెక్కల టపటప వినిపిస్తుంది. కాసేపు విని, "ఏదో పిట్టలే, అదే పోతుంది" అనుకుంటాం. మరునాటికి ఆ చప్పుడు సన్నగిల్లుతుంది. మూడో రోజుకు ఆగిపోతుంది. అది బయటికి వెళ్లిపోయిందా, లోపలే ప్రాణం వదిలిందా అన్నది మనం చూడం. ఇది చిన్న విషయమేనా? దీన్ దృష్టిలో దీని విలువ ఎంత? ఈ నెల దీని గురించే ఆలోచిద్దాం.

అవి కూడా సముదాయాలే

దివ్యఖుర్ఆన్‌లోని అన్ఆమ్ సూరా 38వ ఆయతులో భూమిపై సంచరించే జంతువులనూ, రెక్కలతో ఎగిరే పక్షులనూ అల్లాహ్ మనలాంటి సముదాయాలుగా పేర్కొన్నాడు. నూర్ సూరా 41వ ఆయతు ప్రకారం, రెక్కలు చాచి ఎగిరే పక్షులు సైతం ఆయన పవిత్రతను కొనియాడుతుంటాయి. ప్రతిదానికీ తన నమాజు, తన స్తోత్రం తెలుసు. ముల్క్ సూరా 19వ ఆయతు మన తలలపై రెక్కలు చాస్తూ ముడుస్తూ ఎగిరే పక్షుల వైపు మన చూపు మళ్లించి, వాటిని గాలిలో నిలిపి ఉంచేది కరుణామయుడేనని గుర్తుచేస్తుంది.

ఆలోచించండి! ఆకాశంలో కరుణామయుడు నిలిపి ఉంచిన ప్రాణి మన గోడలో ఇరుక్కుపోయింది. తన ప్రభువును స్తుతించే ఒక గొంతు మన ఇంట్లో మూగబోతోంది. ఇది మనకు సంబంధించని విషయం అని ఎలా అనగలం?

ఆ స్త్రీ చేసిన నేరమేమిటి?

పిల్లిని బంధించిన స్త్రీ గురించిన హదీసు మనందరికీ తెలిసిందే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఒక పిల్లి కారణంగా ఆ స్త్రీ నరక శిక్షకు గురయింది. మనం సాధారణంగా ఈ హదీసును 'జంతువులను హింసించకూడదు' అనే అర్థంలో చెప్పుకుంటాం. కానీ దైవప్రవక్త (స) చెప్పిన వివరాలను జాగ్రత్తగా గమనించండి. ఆమె పిల్లిని కర్రతో కొట్టిందని అందులో లేదు. రాళ్లతో తరిమిందని లేదు. ఆమె దాన్ని మూసి ఉంచింది. తాను తిండీ నీళ్లూ పెట్టలేదు, నేలమీది పురుగూ పుట్రా తిని బ్రతకడానికి దాన్ని వదలనూ లేదు. అంతే! చెయ్యి ఎత్తకుండానే ఒక ప్రాణం పోయింది. ఆమెను నరకానికి చేర్చింది మూసి ఉన్న ఒక తలుపు.

ఇక రెండో హదీసు చూడండి. దాహంతో మట్టి నాకుతున్న కుక్కను చూసి ఒక బాటసారి బావిలోకి దిగాడు. తన తోలు మేజోడులో నీళ్లు నింపి, దాన్ని నోట కరచుకుని పైకెక్కాడు. కుక్కకు తాగించాడు. అల్లాహ్ అతని పనిని మెచ్చి అతణ్ణి క్షమించాడు. పశువుల విషయంలో కూడా మాకు పుణ్యం ఉంటుందా అని సహచరులు అడిగినప్పుడు, ప్రాణమున్న ప్రతిదాని విషయంలోనూ పుణ్యం ఉంటుందని దైవప్రవక్త (స) తెలియజేశారు. హజ్రత్ అబూ హురైరా (రజి) కథనమిది; దీన్ని కూడా బుఖారీ, ముస్లిం పొందుపరిచారు.

ఒకరేమో తలుపు తీయడానికి కూడా చెయ్యి కదపలేదు. మరొకరు ఒక ప్రాణి కోసం బావిలోకే దిగారు. మన గోడలో టపటప వినిపించిన క్షణాన మనం ఈ ఇద్దరి మధ్య నిలబడి ఉన్నాం. ఎటు వైపు అడుగు వేస్తామన్నది మన చేతిలోనే ఉంది.

హజ్రత్ ఉమర్ (రజి) మనస్సాక్షి

ఇమామ్ షాఫయీ (రహ్మ) తన 'ముస్నద్'లో ఒక సంఘటనను ఉల్లేఖించారు. హజ్రత్ ఉమర్ (రజి) మక్కాలో ఒక శుక్రవారం దారున్నద్వాలో దిగారు. తన పైవస్త్రాన్ని అక్కడి కొయ్యకు తగిలించారు. ఒక పావురం వచ్చి దాని మీద వాలింది. ఆయన దాన్ని అదిలించారు. అది ఎగిరి మరో చోట వాలింది. అక్కడ ఒక పాము దాన్ని పట్టి చంపేసింది.

ఎవరైనా అయితే ఏమంటారు? "నేను చంపలేదు కదా, పాము చంపింది" అంటారు. హజ్రత్ ఉమర్ (రజి) అలా అనలేదు. జుమా నమాజు ముగిశాక హజ్రత్ ఉస్మాన్ (రజి) ను, నాఫె బిన్ అబ్దుల్ హారిస్ (రజి) ను పిలిచి, ఈ విషయంలో తనపై తీర్పు చెప్పమని కోరారు. క్షేమంగా ఉన్న చోటు నుంచి చావు ఉన్న చోటికి దాన్ని తానే పంపానన్న బాధ ఆయనది. ఆ ఇద్దరూ ఆలోచించి, పరిహారంగా ఒక మేకను నిర్ణయించారు. ఖలీఫా దాన్ని చెల్లించారు.

ఈ పరిహారం మక్కా హరమ్‌కు ప్రత్యేకమైన నియమం. మన ఊళ్లో పిట్ట చనిపోతే మేకను ఇవ్వాలని దీని అర్థం కాదు. మనం నేర్చుకోవలసింది ఆ మనస్సాక్షిని. అప్పటికి విశాల సామ్రాజ్యాలు ఆయన పాలన కిందికి వస్తున్నాయి. అయినా ఒక పావురం చావులో తన వంతు ఎంత అని ఆయన తనను తాను ప్రశ్నించుకున్నారు. మన వల, మన గొట్టం, మన ట్యాంకు విషయంలో మనం ఆ ప్రశ్న వేసుకుంటున్నామా?

తెలియక జరిగితే?

"మేము కావాలని చేయలేదు, మాకు తెలియదు" అని కొందరు అంటారు. నిజమే. తెలియక జరిగిన దానికి అల్లాహ్ పట్టుకోడు. ఆయన క్షమాశీలి. కానీ నమ్ల్ సూరా 18, 19 ఆయతులను ఒకసారి చదవండి. సులైమాన్ (అలైహిస్సలాం) సైన్యం వస్తుంటే ఒక చీమ తోటి చీమలను ఇళ్లలోకి పొమ్మని హెచ్చరించింది. ఆయనా, ఆయన సైన్యమూ తమకు తెలియకుండానే చీమలను తొక్కేయవచ్చని అది భయపడింది. అంటే ఆ చీమ కూడా వారిపై దుర్మార్గాన్ని ఆరోపించలేదు. ఆ మాట వినిపించగానే సులైమాన్ (అ) చిరునవ్వు నవ్వారు. అల్లాహ్ అనుగ్రహాలకు కృతజ్ఞత తెలిపే భాగ్యాన్నీ, ఆయన మెచ్చే సత్కార్యాలు చేసే భాగ్యాన్నీ ప్రసాదించమని వేడుకున్నారు.

బలవంతుడు తెలియకుండానే బలహీనుణ్ణి నలిపేస్తాడు. అది చీమకు తెలుసు. కానీ దాని గొంతు చెవిన పడ్డాక 'తెలియదు' అనే మాటకు తావు లేదు. మనకు చీమల భాష రాదు. రెక్కల చప్పుడు అర్థం కావడానికి ఏ భాషా అక్కర్లేదు.

గదిలోకి పిట్ట దూరితే ఏం చేయాలి?

అన్నిటికంటే ముందు సీలింగు ఫ్యాను ఆపండి. ఇంట్లోకి దూరిన పిట్టకు పెద్ద ప్రమాదం దానితోనే. తర్వాత పిల్లలనూ, పిల్లినీ గది నుంచి బయటికి పంపి, లోపలి గదుల తలుపులు మూయండి. లైట్లు ఆర్పండి. మిగతా కిటికీలకు పరదాలు వేసి, బయటికి దారి ఇచ్చే ఒక్క కిటికీనో, తలుపునో పూర్తిగా తెరవండి. చీకటిలో ఉన్న పిట్ట వెలుగు వైపు వెళుతుంది. మీరు గదిలోంచి బయటికి వచ్చి కాసేపు ఓపిక పట్టండి. చీపురుతో, తువ్వాలుతో వెంటపడితే అది భయంతో గోడలకూ, అద్దాలకూ గుద్దుకుంటుంది.

అద్దానికి తగిలి స్పృహ తప్పినా, అలసిపోయి కింద పడినా, పలుచని గుడ్డ కప్పి నెమ్మదిగా పట్టుకోండి. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, అడుగున గుడ్డ పరచి, ఉంచండి. పెట్టెను చల్లని, నిశ్శబ్దమైన చోట గంటో, రెండు గంటలో పెట్టండి. జాలితో దాని ముక్కులో నీళ్లు పోయకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తాయి. పాలు, రొట్టె పెట్టకండి. తేరుకున్నాక ఆరుబయట పెట్టె మూత తీస్తే అదే ఎగిరిపోతుంది. రెక్క వేలాడుతున్నా, రక్తం కారుతున్నా పశువైద్యుని దగ్గరకు తీసుకుపోండి. ఆ తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం మరువకండి.

ఒక మాట ముఖ్యంగా చెప్పాలి. కాపాడిన చిలుకను పిల్లలు ముచ్చటపడ్డారని పంజరంలో పెట్టుకోకండి. మన దేశంలో అడవి చిలుకను పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అంతేకాదు, ఒక బంధనం నుంచి విడిపించి మరో బంధనంలో పెట్టడం సహాయం అనిపించుకోదు.

గూడు ఉన్న రంధ్రాన్ని మూయకండి

పండుగలకు ముందు ఇళ్లకు సున్నాలు, రంగులు వేయిస్తాం. రంధ్రాలు మూయిస్తాం, ఏసీ బిగిస్తాం. ఆ పని మొదలయ్యే ముందు లోపల గూడు ఉందేమో చూడమని మేస్త్రీకి చెప్పండి. పిచ్చుక గుడ్లు పొదగడానికి సుమారు రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాలు పడుతుంది. పావురానికి పొదగడానికి దాదాపు 18 రోజులు, పిల్లలు ఎగరడానికి మరో నెల. పిచ్చుకకు ఒక నెల, పావురానికి నెలన్నర పైన ఓపిక పడితే చాలు. పిల్లలు ఎగిరిపోయాక, లోపల ఏదీ లేదని టార్చి వేసి చూసుకుని, అప్పుడు జాలీ బిగించండి. మరోసారి గూడు కట్టకుండా ముందే మూసుకోవడంలో దోషం లేదు. ఉన్నవాటిని లోపల పెట్టి మూయడమే దోషం.

గూటి నుంచి జారిపడిన రెక్కలు రాని పిల్లను చేత్తో తీసి తిరిగి గూటిలో పెట్టవచ్చు. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరకు రానివ్వదనే మాట నిజం కాదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) తెలిపిన ఒక సంఘటన అబూదావూద్ గ్రంథంలో ఉంది. ఒక ప్రయాణంలో సహచరులు ఒక పిట్ట పిల్లలను రెండింటిని తీసుకున్నారు. తల్లి వచ్చి రెక్కలు కొట్టుకుంటూ అల్లాడసాగింది. దైవప్రవక్త (స) అది చూసి, పిల్లల కోసం దాన్ని బాధపెట్టింది ఎవరని అడిగి, వాటిని తిరిగి తల్లికి ఇచ్చేయమని ఆజ్ఞాపించారు. గూటిలో పిల్లను తిరిగి పెట్టే ప్రతి చెయ్యీ ఆ ఆజ్ఞను పాటిస్తున్నట్లే.

ఈజిప్టు విజయం గురించి వ్రాసిన చరిత్రకారులు కూడా ఇలాంటి ముచ్చటే చెబుతారు. 641 ప్రాంతంలో సేనాని అమ్ర్ బిన్ ఆస్ (రజి) అలెగ్జాండ్రియాకు బయలుదేరుతూ గుడారం విప్పమన్నారు. దానిపై పావురం గూడు పెట్టి ఉందని తెలిసి, గుడారాన్ని అలాగే వదిలేయమన్నారు. ఆ చోట వెలసిన నగరమే ఫుస్తాత్. ఆ పేరుకు అర్థం గుడారమనే చెబుతారు. ఇస్తాంబుల్‌లోని ఉస్కుదార్‌లో 18వ శతాబ్దంలో కట్టిన అయాజ్మా మసీదు, యెనీ వాలిదే మసీదు గోడలకు పక్షుల కోసం చెక్కిన చిన్న చిన్న రాతి ఇళ్లు నేటికీ కనిపిస్తాయి. ఇల్లు కట్టేటప్పుడే పిట్టను తలచుకున్న సంప్రదాయం మనది.

ట్యాంకు, గొట్టం, వల

రాత్రివేళ పాత్రలపై మూత పెట్టమని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. మూత దొరక్కపోతే అడ్డంగా ఏదైనా పెట్టమని కూడా అందులో ఉంది. డాబా మీది ట్యాంకు, నేలలోని సంపు కూడా మన పాత్రలే. ఎండకు దాహంతో వచ్చిన పిట్ట లోపల పడితే నునుపైన గోడ ఎక్కి రాలేదు. మన ఫిఖహ్ గ్రంథాల్లో బావుల అధ్యాయం ఉంది. పిచ్చుకంత ప్రాణి పడి చస్తే 20 నుంచి 30 చేదలు, పావురమంతటిది అయితే 40 నుంచి 60 చేదలు, అది ఉబ్బిపోతే నీళ్లన్నీ తోడాలని హనఫీ పండితులు వ్రాశారు. ట్యాంకు విషయంలో ఏం చేయాలో మీ మసీదు ఇమామ్‌ను అడగండి. వుజూ నీళ్లు శుద్ధమా, అశుద్ధమా అని మథనపడే మనం ఆ పిట్ట ఎలా చచ్చిందని కూడా ఆలోచించాలి. ఒక్క మూతతో నీళ్లూ శుభ్రంగా ఉంటాయి, ప్రాణమూ నిలుస్తుంది. పక్కనే ఒక మట్టి మూకుడులో నీళ్లు పెడితే పిట్ట ట్యాంకు జోలికి రావలసిన పనే ఉండదు.

నిలువు గొట్టాలు కూడా ఇలాంటివే. గూటి కోసం లోపలికి దిగిన పిట్టకు రెక్కలు విప్పే చోటుండదు. చప్పుడు వినిపిస్తే ముడులు వేసిన తాడునో, గోనెపట్టా చీలికనో లోపలికి వదలండి, దాన్ని పట్టుకుని ఎక్కి రావచ్చు. ఆ తర్వాత గొట్టం నోటికి మూత బిగించండి. బాల్కనీ వలలను వదులుగా వేలాడనివ్వకండి, బిగించి కట్టించండి. వలలో కాలు చిక్కిన పావురాన్ని లాగకండి. గుడ్డ కప్పి, దారాన్నే కత్తిరించండి. దారం తెగితే మళ్లీ కట్టుకోవచ్చు. గాలిపటాల మాంజా డాబా మీద మిగిలి ఉంటే ఏరి తీసేయండి. నైలాను మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది.

గుడ్లగూబ అరిష్టం కాదు

ఇంట్లోకి పిచ్చుక వస్తే అయ్యో అంటాం. గుడ్లగూబ వస్తే కర్ర తీస్తాం! అది ఇంట్లో దూరితే చావు వార్త వస్తుందని కొందరు ముస్లిములు కూడా నమ్ముతున్నారు. అజ్ఞాన కాలపు అరబ్బులకూ గుడ్లగూబ గురించి ఇలాంటి నమ్మకమే ఉండేది. దైవప్రవక్త (స) పక్షి శకునాన్నీ, గుడ్లగూబ అపశకునాన్నీ స్పష్టంగా ఖండించారని బుఖారీ హదీసు తెలుపుతోంది. లాభనష్టాలు అల్లాహ్ చేతిలో ఉన్నాయని నమ్మినవాడు ఒక పిట్టకు భయపడి దాన్ని చంపడం తౌహీద్‌కే మచ్చ. దానికీ అదే మర్యాద వర్తిస్తుంది. పగటి వెలుగులో దాన్ని కాకులు పొడుస్తాయి గనుక పొద్దుగుంకే వేళ కిటికీ తెరిచి వదలండి.

హద్దులు కూడా తెలుసుకోండి

కరుణ అంటే వివేకం వదులుకోవడం కాదు. మీ ప్రాణం కూడా అల్లాహ్ ఇచ్చిన అమానతే. కరెంటు తీగపై చిక్కిన పిట్ట కోసం స్తంభం ఎక్కకండి, ఆరో అంతస్తు గోడ మీద నిలబడకండి. అటవీశాఖకో, విద్యుత్ శాఖకో, అగ్నిమాపక కేంద్రానికో (101) ఫోను చేయండి. పావురాల రెట్ట ఎండి దుమ్ముగా లేస్తే ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. ముందు తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని శుభ్రం చేయండి. ఉబ్బసం ఉన్నవారు ఆ పనికి దూరంగా ఉండాలి. ఒకేచోట చాలా పక్షులు చచ్చిపడి ఉంటే ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు తెలపండి.

తల్లిదండ్రులకు ఒక మాట

మన పిల్లలు మన ప్రసంగాల కంటే మన పనులనే ఎక్కువగా గమనిస్తారు. "అమ్మీ, గోడలో పిట్ట అరుస్తోంది" అని పిల్లవాడు వచ్చి చెప్పినప్పుడు, "నీకెందుకురా, పోయి చదువుకో" అంటే వాడు ఆ రోజు ఒక పాఠం నేర్చుకుంటాడు. బలహీనుని మొర వినపడనట్లు ఉండవచ్చని నేర్చుకుంటాడు. రేపు అదే పిల్లవాడు వృద్ధులైన మన మూలుగును కూడా అలాగే వింటాడు. "పద బేటా, చూద్దాం" అని మనం లేచి ఫ్యాను ఆపి, కిటికీ తెరిస్తే వాడు వేరే పాఠం నేర్చుకుంటాడు. పట్టుమని పావుగంట పట్టని పని అది.

ఈ వారంలోనే ఒకరోజు అసర్ నమాజు తర్వాత పిల్లలతో కలిసి ఇల్లంతా ఒకసారి తిరిగి చూడండి. ట్యాంకు మూత, గొట్టాల నోళ్లు, వల అంచులు, వెంటిలేటర్లు. లోపలికి దారి ఉండి బయటికి దారి లేనివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వాటిని సరిచేయండి. సంకల్పం అల్లాహ్ కోసమైతే, ఒక ట్యాంకు మూత కూడా కర్మల పత్రంలో వ్రాయబడుతుంది.

ఓ అల్లాహ్! మా ఇళ్లను మాకూ, నీ ప్రాణులకూ క్షేమకరమైనవిగా చేయి. తెలియక మా చేతుల మీదుగా జరిగిన హానిని క్షమించు. బలహీనుల మొర వినే చెవినీ, విన్నవెంటనే లేచే కాళ్లనూ మాకు ప్రసాదించు. ఇరుకైన సమాధిలో మేము ఒంటరిగా ఉన్ననాడు మాకు నీ కారుణ్య ద్వారాన్ని తెరువు. ఆమీన్.